మూడు అక్షరాల రాగి నాణెం

నేను ఒక రాగి నాణేన్ని. మనుషులంటే నాకు గిట్టదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. నాలాంటివి తమ కథ చెప్పుకునేటప్పుడు ఎంతో వినయంగా మాట్లాడతాయని విన్నాను. ఎన్ని చేతులు మారాయో, ఎందరు రాజులను చూశాయో చెప్పి, చివర్లో వినేవాళ్ళకు ఒక నమస్కారం పెట్టి పక్కకు తప్పుకుంటాయట. ఆ మర్యాద నా దగ్గర ఆశించకండి. మీవాళ్ళు నన్ను నిప్పుల్లో కాల్చారు, సుత్తితో కొట్టారు, పళ్ళతో కొరికారు, మట్టిలో పూడ్చి మరిచిపోయారు. అవన్నీ ఓర్చుకున్నాను. ఆఖరికి నన్ను ప్రాణంగా చూసుకుంటామన్నవాళ్ళ చేతిలో పడ్డాను. అది మాత్రం ఓర్చుకోలేకపోయాను.

నన్ను చేయించినవాడు ఒక చిన్న రాజు. గోదావరి ఒడ్డున కొన్ని ఊళ్ళు, ఒక రేవు, కాస్త అడవి, అంతే అతని రాజ్యం. చుట్టుపక్కల రాజులు తమ పేర్లతో నాణేలు కొట్టిస్తున్నారని తెలిసి తనకూ కావాలని పట్టుబట్టాడు. కొలిమి దగ్గరివాళ్ళు రాగి కరిగించి బిళ్ళలు పోశారు, తూచారు, ఎర్రగా కాల్చారు. కింద ఒక అచ్చు, దాని మీద బిళ్ళ, బిళ్ళ మీద ఇంకో అచ్చు, ఆపైన సుత్తి దెబ్బ. ఒకవైపు ఎద్దు బొమ్మ, రెండోవైపు కొండ గుర్తు, దాని చుట్టూ బ్రాహ్మీ అక్షరాల్లో రాజు పేరు పడాలి. నా వంతు వచ్చేసరికి సుత్తివాడికి ఆకలి దంచేస్తోంది. అచ్చు పక్కకు జరిగింది. ఎద్దుకు తోకా వెనక కాళ్ళూ పడ్డాయి, తల పడలేదు. రాజు పేరులో మొదటి మూడు అక్షరాలు పడ్డాయి, మిగతావి నా అంచు దాటి పోయాయి. సుత్తివాడు నన్ను పక్కవాడికి చూపించి నవ్వి, కుప్పలోకి విసిరేశాడు.

పూర్తి పేరు నాకు తెలుసు. నా మీద పడబోయే అచ్చును అంత దగ్గర నుంచి చూసినదాన్ని, తెలియకుండా ఎలా ఉంటుంది? కానీ మీకు చెప్పను. చెప్పినా నమ్మరు, సాక్ష్యం ఏదంటారు.

తల లేని ఎద్దుతోనే జనం ఉప్పు కొనుక్కున్నారు, నువ్వులు కొనుక్కున్నారు, రేవు దాటారు. ఒక వర్తకుడు నన్ను రాతి మీద కొట్టి చప్పుడు విని మరీ తీసుకున్నాడు. ఇంకొకడు కొరికి చూశాడు. వాడి పంటి గాటు చాలాకాలం నా అంచు మీద ఉండేది. పేరులో సగమే ఉందేమని ఒక్కడూ అడగలేదు. రాజు బతికి ఉన్నంత కాలం అతని పేరు నా మీద చదవాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు. తర్వాత ఎవరో దండెత్తి వచ్చారు. ఒకావిడ నన్నూ ఇంకొన్నింటినీ చిన్న ముంతలో వేసి పొయ్యి పక్కన గొయ్యి తీసి పూడ్చింది. మళ్ళీ వస్తానన్నట్టే పైన మట్టి చదును చేసింది. రాలేదు. ఆమెకు ఏమైందో నాకు తెలియదు.

ఆ తర్వాత మట్టిలో ఉన్న కాలాన్ని గురించి మీకు ఒకటే చెప్పాలి. రాగి మట్టిలో ఉంటే పైన పచ్చటి పొర కడుతుంది. చూసేవాళ్ళు దాన్ని మురికి అనుకుంటారు. అది మురికి కాదు. నా పైచర్మమే కాలం గడిచేకొద్దీ ఆ పొరగా మారింది. ఎద్దు తోక, కొండ గుర్తు, మూడు అక్షరాలు అన్నీ ఆ పొరలోకి చేరాయి. లోపలి రాగికి ఏమీ గుర్తు లేదు. ఆ పొర పోతే నేను ఉత్త రాగి ముక్కను.

మేమున్న ఊరు కూలి, కూలినదాని మీద ఇంకో ఊరు లేచి, అదీ కూలి, చివరికి ఒక పెద్ద గడ్డగా మిగిలింది. పొత్తూరుపల్లె జనం దాన్ని పాటిగడ్డ అంటారు. అలాంటి గడ్డల మట్టి బూడిదతో, ఎముకలతో, పెంటతో కలిసి మంచి సత్తువగా ఉంటుంది. అందుకని ఎండాకాలంలో బండ్లు కట్టి పాటిమన్ను తవ్వి పసుపు చేలల్లో చల్లుకుంటారు. అంటే ఆ ఊరి పసుపు కొమ్ములన్నీ నా రాజుగారి రాజ్యాన్ని తిని ఊరినవే. ముంత పగిలింది. నాతో ఉన్నవి ఎటు పోయాయో తెలియదు. నేను ఒక చేలో పడ్డాను. పసుపు తవ్వే కూలివాడికి దొరికి, జగిత్యాలలో పాత సామాన్ల కొట్టుకు చేరాను. ఇత్తడి చెంబులతో పాటు కరిగిపోవాల్సినదాన్ని. సరిగ్గా అప్పుడే గాజెంగి రాజేశం వచ్చి, నేను పొత్తూరుపల్లె పాటిమన్నులోంచి వచ్చినదాన్నని కొట్టువాడి నోట విని నన్ను కొన్నాడు.

రాజేశానికి జగిత్యాల బజారులో బట్టల దుకాణం ఉంది. అమ్మకం మీద ధ్యాస తక్కువ, నాణేల మీద ఎక్కువ. దుకాణం పై అంతస్తులో ఒక బీరువా నిండా అవే. ఆదివారం నాడు నాలాంటివాటి మీద పిచ్చి ఉన్నవాళ్ళు ఇంకొందరు అక్కడికి చేరేవారు. దానికి నాణేల సంఘం అని పేరు. సంఘం అంటే కలిసి ఉండేదని మీరు అనుకుంటారు. నేను చూసింది వేరు. ఒకడి చేతిలో మంచి నాణెం కనిపిస్తే మిగతావాళ్ళ కడుపు మండిపోయేది. ఎక్కడ దొరికిందని అడిగితే ప్రతివాడూ వేరే ఊరి పేరు చెప్పేవాడు. ఫోటో తీస్తానంటే చెయ్యి వెనక్కి లాక్కునేవాడు. చరిత్ర మీద ఇంత ప్రేమ ఉన్నవాళ్ళు దాన్ని ఇంతగా దాచిపెట్టుకోవడం నాకు చాలా అసహ్యంగా ఉండేది. వాళ్ళందరిలోకీ ఎక్కువ దాచేవాడు రాజేశమే.

అతనికి విద్య ఉంది, కాదనను. నన్ను చూడగానే పారేయలేదు. భూతద్దం కింద పెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి, బ్రాహ్మీ అక్షరాల పట్టిక ముందేసుకుని చాలా ఆదివారాలు కష్టపడ్డాడు. మూడు అక్షరాలూ చదివిన రోజు తలుపు గడియ పెట్టుకుని గదిలో ఒక్కడే అటూ ఇటూ తిరిగాడు. ఆ పేరుతో మొదలయ్యే రాజు ఏ పుస్తకంలోనూ లేడు. అంటే రాజేశం ఒక రాజును కనిపెట్టాడు. నన్ను దూది పెట్టిన డబ్బీలో పెట్టి తాళం వేశాడు. ఒక పెద్ద వ్యాసం రాసి దేశమంతా తన పేరు మోగేలా చేస్తానని తనలో తను అనుకునేవాడు. ఏళ్ళు గడిచినా వ్యాసం మొదటి పేజీ దాటలేదు. నా ఫోటో తీయలేదు, నా అచ్చు మైనం మీద కూడా ఎత్తలేదు. ఎత్తితే ఇంకొకడి కంట పడుతుందని భయం.

ఇంతటివాడు ఊరూరా తిరిగి బడుల్లో ఉపన్యాసాలు ఇచ్చేవాడు. నన్ను తీసుకెళ్ళేవాడు కాదు గాని, తిరిగొచ్చి అద్దం ముందు మళ్ళీ చెప్పుకునేవాడు, అందుకే నాకు తెలుసు. నాణేలు పోగు చేయండి, అవి చదువురాని తాతల చేతుల మీదుగా మనకొచ్చిన చరిత్ర అనేవాడు. దొరికిన చోటు రాసిపెట్టుకోండి అనేవాడు. అన్నిటికంటే ముఖ్యంగా, పాత నాణేన్ని కడగొద్దు, తోమొద్దు, దాని మీది పచ్చదనమే దాని ప్రాణం అని గొంతు పెంచి చెప్పేవాడు. జగిత్యాల చుట్టుపక్కల బడి పిల్లలందరికీ ఈ సంగతి కంఠస్థమే. అతని భార్య భూదేవికి మాత్రం తెలియదు. ఇంట్లో ఆమెతో నాణేల ఊసెత్తేవాడు కాదు. ఆమె ఎప్పుడైనా మెట్లెక్కి వచ్చి, ఇవేంటని అడిగితే, నీకెందుకే పో అనేవాడు. ఆమె వాటిని చిల్లపెంకులు అనడం మొదలుపెట్టింది. అతనికి ఒళ్ళు మండేది. ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ కలిసి నవ్వగా నేను ఒక్కసారి కూడా వినలేదు.

అలా ఉండగా పొత్తూరుపల్లె పాటిగడ్డను ప్లాట్ల వ్యాపారి ఒకడు కొన్నాడు. గడ్డను చదును చేసి ఇళ్ళ స్థలాలు వేస్తాడట. దీపావళి కాగానే యంత్రాలు దిగుతాయని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. రాజేశానికి నిద్ర పట్టలేదు. ఎంత దాపరికం మనిషైనా ఆ గడ్డ మీద అతనికి ఉన్నది నిజమైన ప్రేమే, అది నేను ఒప్పుకుంటాను. పురావస్తు శాఖలో తాళ్ళపల్లి హైమవతి అనే అధికారికి ఫోన్ చేశాడు. నాణేలు చదవడంలో ఆమెకు పెద్ద పేరు.

"మీ దగ్గర పేరున్న నాణెం నిజంగా ఉందా రాజేశం గారూ?" అని ఆమె అడిగింది. "మట్టి పెంకులు చూపిస్తే పై ఆఫీసులో నవ్వుతారు. అవి ఊరూరా ఉంటాయి. ఇంతవరకు ఎవరికీ తెలియని రాజు పేరు ఆ గడ్డ మీదే దొరికిందంటే మాత్రం పని ఆపించగలను."

"ఉన్నది మేడం. మూడక్షరాలు సాఫ్‌గ కనవడ్తయి."

"ఫోటో పంపండి."

"ఫోటోలు నేను పంప మేడం. అవి ఎటుబడితె అటు పోతయి. మీరే వచ్చి మీ కండ్లతోని చూడుండ్రి."

దీపావళి మర్నాడు వస్తానని ఆమె మాటిచ్చింది. మూడు అక్షరాలు ఆమె కళ్ళతో చూస్తే గడ్డ నిలుస్తుంది. చూడకపోతే పోతుంది. ఇంత బరువు నా నెత్తిన పెట్టారు.

దీపావళి రోజు పొద్దున రాజేశం నన్ను డబ్బీలోంచి తీసి కిందికి తెచ్చాడు. వంటింట్లో ఉన్న భార్యను పిలిచాడు. జీవితంలో మొదటిసారి ఆమెకు ఒక నాణెం చూపించాడు.

"ఏమే, రేపు హైదరాబాద్ నుంచి పెద్ద మేడం వస్తున్నది. దీన్ని చూసెటందుకే వస్తున్నది. దీనితోనే పాటిగడ్డ బతుకుతది."

భూదేవి అతని మొహంలోకి చూసింది. "నాకెందుకు చెప్తున్నవ్ ఇయ్యాల?"

"వంట జెయ్యాలె గదా."

అయినా ఆమె మొహం విప్పారింది. లక్ష్మీపూజకు వెండి బిళ్ళలతో పాటు నన్నూ పీట మీద పెట్టమన్నాడు. అమ్మవారి చూపు పడితే పని అవుతుందని అతని ఆశ. అంతే, పూలదండలు తెస్తానని దుకాణానికి వెళ్ళిపోయాడు. బడి పిల్లలకు గొంతు చించుకుని చెప్పిన మాట ఆమెకు చెప్పడం అతనికి తట్టలేదు.

పూజ అంటే ఆ ఇంట్లో ఏం చేస్తారో మీకు చెప్పక్కర్లేదు. కుందులు, పళ్ళేలు, గంట, చెంబు అన్నీ బావి దగ్గర పరిచి, ఉప్పూ చింతపండూ వేసి తళతళలాడేదాకా తోముతారు. ఆమె వెండి బిళ్ళలను తోమింది, కుందులను తోమింది, తర్వాత నన్ను చేతిలోకి తీసుకుంది. అంత పెద్ద మేడం చూడబోయే నాణెం, అమ్మవారి ముందు కూర్చోబోయే నాణెం, పైన ఇంత మడ్డి. ఆమె ముద్దలో ముంచి బొటనవేలితో రుద్దింది. చింతపండు పులుపు నా పొరలోకి దిగింది. మొదట ఎద్దు కాళ్ళు కరిగాయి, తర్వాత కొండ పోయింది. పచ్చటి నీళ్ళు గచ్చు మీద పారుతుంటే ఇంకా మడ్డి వస్తోందని ఆమె సంబరపడి మరింత గట్టిగా రుద్దింది. కాలేటప్పుడు, దెబ్బ తినేటప్పుడు ఇంత బాధ లేదు. ఆమె వేళ్ళు మాత్రం చంటిపిల్లకు నీళ్ళు పోసినంత మెత్తగా కదిలాయి. అందుకే నాకు ఆమెను తిట్టుకునే వీలు కూడా చిక్కలేదు.

రాజేశం దండలతో వచ్చి పీట వైపు చూశాడు. కొత్త పైసాలాగా మెరుస్తున్నాను. దండలు కింద పెట్టాడు.

"ఇదేందే?"

"మేడం చూస్తది గదా. మడ్డి బట్టి ఉంటె ఏం బాగుంటదని తోమిన."

అతను నన్ను పీట మీంచి తీసి తిప్పి చూశాడు. ఆపైన నోరు తెరిచాడు. ఆ తిట్లు నేను మళ్ళీ చెప్పను. పుట్టింటివాళ్ళను తిట్టాడు, ఆమె చేతులను తిట్టాడు. పండగపూట ఆమె పీట ముందు అలాగే నిలబడి ఉంది.

"బడి పోరగాండ్లకు తెల్సు, నా కొంపల ఉన్నదానికి తెల్వదా?" అన్నాడు చివరికి.

"వాళ్ళకు నువ్వు చెప్పినవ్," అంది భూదేవి. "నాకెన్నడు చెప్పినవ్?"

ఆ సాయంత్రం దీపాలు వెలిగించింది ఆమె ఒక్కతే. అతను పై గదిలోంచి దిగలేదు.

మర్నాడు పొద్దున కిటికీలోంచి ఏటవాలుగా ఎండ పడింది. రాజేశం నన్ను ఆ వెలుతురులో పెట్టి భూతద్దం తీశాడు. మూడు అక్షరాల నీడలు నా రాగి మీద ఇంకా ఉన్నాయి. సుత్తి దెబ్బ ఎంత బలంగా పడిందో, పైపొర పోయినా లోపల దాని ఆనవాలు కాస్త మిగిలింది. ఎండ కొద్దిగా జరిగితే కనిపించకుండా పోయేంత పల్చటి నీడలు. వాటిని అలాగే వదిలేసి ఉంటే నేను ఈ కథ ఇలా చెప్పేదాన్ని కాదు.

కానీ అతనికి భయం పట్టుకుంది. మేడం చూసేసరికి ఎండ ఉంటుందో ఉండదో, ఆమెకు కనిపిస్తాయో లేదో. ఉన్న అక్షరాలే కదా, కొంచెం తేటగా చేస్తే తప్పేముందని తనకు తనే చెప్పుకున్నాడు. నాణెం మీద అక్షరం పైకి లేచి ఉంటుంది. అందుకని అక్షరం చుట్టూ ఉన్న రాగిని తవ్వాలి. పక్క సందులోని కంసాలి దగ్గర నుంచి సన్నటి ఉలి తెచ్చుకుని, నన్ను చెక్కపట్టీలో బిగించి, మొదలుపెట్టాడు. ఒక్క అక్షరమూ తప్పు చెక్కలేదు. నా మీద ఏవి ఉన్నాయో అవే, ఉన్నచోటే, ఉన్న వంపుతోనే చెక్కాడు. తర్వాత మసిబొగ్గూ నూనే పూసి కొంచెం పాతగా కనిపించేలా చేశాడు. నా ఒంటి మీద జరిగిన పనులన్నిటిలో నేను ఎక్కువ అసహ్యించుకునేది ఇదే. చింతపండు ముద్దకు నా గురించి ఏమీ తెలియదు. ఈ మనిషికి అన్నీ తెలుసు.

హైమవతి మధ్యాహ్నానికి వచ్చింది. నెరిసిన జుట్టు, పెద్ద కళ్ళద్దాలు, భుజానికి గుడ్డసంచి. నన్ను అరచేతిలో పెట్టుకుని, తన భూతద్దం తీసి, ఒకసారి చూసింది. రెండోసారి చూడలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"ఇది ఎప్పుడు చెక్కారు?"

రాజేశం మొదట ఏదో సర్దిచెప్పబోయాడు. ఆమె ఉలి గాటు మీద వేలు పెట్టి చూపేసరికి జరిగిందంతా చెప్పేశాడు. చింతపండు గురించి గట్టిగా, ఉలి గురించి నీళ్ళు నములుతూ చెప్పాడు.

"అక్షరాలు నిజమైనయి మేడం. నేను అబద్ధం చెక్కలే. నా మీద ఒట్టు."

"అయ్యుండొచ్చు," అంది ఆమె. "కడిగితే కడిగారు, దానికేం కాదు. నీడైనా మిగిలింది కదా. పక్క వెలుతురులో ఫోటోలు తీయించి చదివేదాన్ని. ల్యాబుకు పంపిస్తే ఇంకా స్పష్టంగా తేలేది. మీరు ఆ నీడనే తవ్వేశారు. ఇప్పుడు నాకు కనిపించేది రాజు పేరు కాదు రాజేశం గారూ, మీ చేతిరాత."

గుమ్మంలో భూదేవి అరిటాకులు పట్టుకుని నిలబడి ఉంది. పప్పు, పులిహోర, సకినాలు, అన్నీ చేసి పెట్టింది. ఆకులు కింద పెట్టి మొగుడి వైపు తిరిగింది.

"నిన్నటి సంది నా చింతపండును తిడ్తున్నవ్. ఇప్పుడేమంటవ్?"

అతను ఆమె వైపు చూడలేదు. "మరి గడ్డ, మేడం?" అన్నాడు.

"ఆపలేను," అంది హైమవతి. "ఇది చూపించి ఆపమంటే, మిగిలిన గడ్డల మీద పని కూడా రేపు నా మాట మీద ఎవరూ ఆపరు."

ఆమె అన్నం తినకుండానే లేచింది. వెళ్ళేముందు నన్ను ఇమ్మని అతన్ని అడిగి తీసుకుంది. రాజేశం ఇచ్చేశాడు. కనీసం చివరిసారి చూడను కూడా చూడలేదు.

యంత్రాలు దిగాయి. నా రాజు రాజ్యం కొన్నాళ్ళలో నున్నగా అయింది. దాని మీద సున్నంతో గీతలు గీసి రంగు జెండాలు పాతారట.

నేను మ్యూజియం చేరాను. గాజుపెట్టెలోకి అనుకుంటున్నారేమో. కాదు. వెనక గదిలో, చెక్క సొరుగులో, నకిలీలు పెట్టే పళ్ళెంలోకి. నాణేల చదువు నేర్చుకోవడానికి వచ్చే కుర్రకారుకు హైమవతి మొదట ఆ పళ్ళెమే చూపిస్తుంది. నా చుట్టూ ఉన్నవాళ్ళ సంగతి ఏం చెప్పను. ఒకడు సీసంతో పోసిన మొహరీ, ఒకడు నిన్నగాక మొన్న పుట్టి పాతదనం కోసం పేడలో నానిన వరహా. వీళ్ళ మధ్య నేను. వచ్చినవాళ్ళు నన్ను తిప్పి చూసి, ఇది సులువు మేడం, ఉలి గాట్లు మామూలు కంటికే కనిపిస్తున్నాయి అంటారు. ఆమె వాళ్ళను మెచ్చుకుంటుంది. అంత పాత రాగిని నేను. నిన్న మీసాలొచ్చినవాడి చేత నకిలీ అనిపించుకుంటున్నాను.

ఈ పళ్ళెంలో పడుకుని ఆమె పాఠాలన్నీ విన్నాను. మీలో ఎవరికైనా నాణేల మీద మనసుంటే చెబుతున్నా, వినండి. పోగు చేయండి, నేను కాదనను. మీరు చేయకపోతే కరిగించేవాళ్ళు ఎలాగూ ఉన్నారు. రాజులు రాతి మీద గొప్పలు చెక్కించుకుంటారు. రాగిలో ఎంత సీసం కలిపారో మేం చెబుతాం, ఎక్కడిదాకా సంతలు నడిచాయో మేం దొరికిన చోటు చెబుతుంది. అందుకని చోటు దాచకండి. కడగకండి. ముఖ్యంగా మీకు దొరికినదాన్ని నలుగురికీ చూపించండి, ఇంట్లోవాళ్ళకు ముందు చూపించండి. ఒక్కడి కళ్ళలో మాత్రమే ఉన్న అక్షరం అతనితోనే పోతుంది. ఇదంతా మీ మీద ప్రేమతో చెబుతున్నాననుకోకండి. మావాళ్ళు ఇంకా చాలామంది మట్టిలో ఉన్నారు, వాళ్ళ కోసం చెబుతున్నాను.

మొన్న ఒక మధ్యాహ్నం ఆ వెనక గదిలోకి భూదేవి వచ్చింది. నేను గొంతు గుర్తుపట్టాను. కొంగున కట్టిన కాగితప్పొట్లం విప్పి హైమవతి ముందు పెట్టింది. అందులో మట్టిగడ్డ. గడ్డలోంచి పచ్చటి అంచు కనిపిస్తోంది.

యంత్రాలు దిగినప్పటి నుంచి ఆమె పొత్తూరుపల్లె వెళ్తూనే ఉందట. అక్కడ మట్టి మోసే ఆడవాళ్ళ పక్కన కూర్చుని, ఏం దొరికినా కడగకుండ నాకియ్యిండ్రి అని చెబుతూ వచ్చిందట. ఎందుకని హైమవతి అడిగింది.

"ఆయన మీది కోపంతోని," అంది భూదేవి. "నన్ను తిట్టిండు గదా. కడగకుండ ఎట్ల తెస్తరో చూపిస్తనని పోయిన. ఇప్పుడాయన బీరువా తాళం కూడ తియ్యడు. బడులకు పోవుడు బందు వెట్టిండు."

హైమవతి ఆ మట్టిని వెంటనే ముట్టుకోలేదు. లోపలి గదిలోకి తీసుకుపోయింది, చాలాసేపటికి తిరిగి వచ్చింది. అది నా రాజు నాణెమే. అదే అచ్చు. ఈసారి అది ఇంకో పక్కకు జరిగి పడింది. ఎద్దుకు తల పడింది. పేరులో మొదటి అక్షరాలు రెండూ అంచు దాటి పోయాయి, మూడో అక్షరం నుంచి చివరిదాకా నిండుగా పడింది.

"మా ఆయన జెప్పిన అక్షరాలు నిజమేనా మేడం?" అని అడిగింది భూదేవి. ఇంత దూరం వచ్చింది అందుకేనని నాకు అప్పుడు అర్థమైంది.

హైమవతి సొరుగు లాగింది. నన్ను పళ్ళెంలోంచి తీసి కొత్తదాని పక్కన పెట్టింది. నా మూడో అక్షరం, దాని మొదటి అక్షరం ఒక్కటే. వంపు ఒక్కటే, చివరి తోక ఒక్కటే. ఈ కొత్త నాణెం ఇంకా గడ్డలోనే ఉన్నప్పుడు రాజేశం ఆ వంపును ఎక్కడి నుంచి తెచ్చి చెక్కి ఉంటాడు? నా మీద ఉంటే తప్ప అతనికి తెలిసే దారి లేదు. హైమవతి రెండింటి అక్షరాలూ కలిపి చదివింది. ఆమె పెదవులు కదిలాయి. నా రాజు పేరు, మొదటి అక్షరం నుంచి ఆఖరిదాకా, ఇన్ని వందల ఏళ్ళకు ఒక మనిషి నోట్లో పలికింది. బయటికి వినపడనంత మెల్లగా.

"నిజమే," అంది భూదేవితో. "మీ ఆయన చెప్పింది నిజమే."

"అయితే రాస్తరా, గా పేరు?"

"రాయలేనమ్మా. చెక్కినది సాక్ష్యం కాదు. ఇందులో ఉన్నంతవరకే రాస్తాను. మొదటి అక్షరాలు తెలియవని రాస్తాను."

భూదేవి కొంగు దులుపుకుని లేచింది. "నిజమేనట అని చెప్త ఆయనకు," అంది. "రాయరట అని కూడ చెప్త."

ఆమె వెళ్ళాక కొత్తదాన్ని దూది పెట్టిన పెట్టెలో పెట్టి ముందు గదికి పంపించారు. ఇప్పుడు అది గాజు వెనక ఉంది. కింద చీటీ మీద రాజు పేరు సగమే ఉంది. హైమవతి నన్ను చేతిలో పట్టుకుని ఆ గదిలో ఒంటరిగా నిలబడింది. ఆమెకు పేరు తెలుసు. నాకు తెలుసు. జగిత్యాలలో దుకాణం గల్లా ముందు కూర్చుని ఎవరితోనూ మాట్లాడని ఒక మనిషికి మొదటి సగం తెలుసు. ఆమె సొరుగు తెరిచి నన్ను మళ్ళీ నకిలీల పళ్ళెంలోనే పెట్టింది. ఆమె చేసింది సరైన పనే. నా కోపమంతా అందుకే.